బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత కోలుకోవడం ఎలా? శరీరానికీ మనసుకూ కావలసిన జాగ్రత్తలు

"ఆపరేషన్ అయి మూడు వారాలైంది. నాలుగు చెంచాలు మించి తినలేకపోతున్నాను, అయినా ఈ వారం బరువు కదలలేదు, ఊరికే ఏడుపు వస్తోంది. అనవసరంగా చేయించుకున్నానేమో?" బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారు మాటలు మార్చి మార్చి అడిగే ప్రశ్న ఇదే. ఇందులో చెప్పిన మూడు విషయాలూ, అంటే తినలేకపోవడం, బరువు ఆగిపోవడం, దిగులు కలగడం, ఈ దశలో చాలామందికి ఎదురయ్యేవే. గాయానికి డ్రెస్సింగ్ ఎలా మార్చాలో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాసి ఇస్తారు గానీ, మనసు కుంగినప్పుడు ఏం చేయాలో అంత వివరంగా రాసి ఇవ్వడం అరుదు. అందువల్ల చాలామంది ఆ దిగులును తమ బలహీనతగా భావించి దాచుకుంటారు. దాన్ని కూడా కోలుకోవడంలో ఒక భాగంగానే చూసి, నీళ్లను లెక్కపెట్టుకున్నట్టే గమనించుకోవాలని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇందులోని సూచనలు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ గానీ గ్యాస్ట్రిక్ బైపాస్ గానీ చేయించుకున్నవారిని ఉద్దేశించినవి. స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. బైపాస్‌లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మీ సర్జన్ ఇచ్చిన సూచన ఇక్కడ రాసినదానికి భిన్నంగా ఉంటే, సర్జన్ మాటనే పాటించండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- 30 మిల్లీలీటర్ల కొలత కప్పు, మిల్లీలీటర్ల గీతలున్న లీటరు సీసా, చిన్న చెంచా, చిన్న పళ్లెం.
- థర్మామీటరు, నాడి వేగం చూపించే చిన్న పరికరం.
- దగ్గినప్పుడూ తుమ్మినప్పుడూ పొట్టకు అదుముకోవడానికి మెత్తటి దిండు.
- నమిలే రకం లేదా ద్రవరూపంలో ఉన్న విటమిన్లు, డాక్టరు సూచించిన ప్రోటీన్ పొడి.
- ఒక నోటు పుస్తకం.
- ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ తేదీన జరిగిందో, ఏ మందులు వాడుతున్నారో రాసిన కాగితం. ఇది ఎప్పుడూ మీ వెంట ఉండాలి, ఎందుకంటే అత్యవసర స్థితిలో మిమ్మల్ని చూసే డాక్టరు మీ సర్జన్ కాకపోవచ్చు.
- సలహాలు ఇవ్వకుండా మీ మాట వినగల ఒక మనిషి. వీలైతే ఆపరేషన్‌కు ముందే ఒక మానసిక వైద్యుణ్ణి గానీ కౌన్సెలర్‌ను గానీ కలిసి పరిచయం చేసుకోండి. కుంగిపోయాక కొత్తవారిని వెతుక్కోవడం చాలా కష్టం.

1. లేవడం, నడవడం, గాయాన్ని చూసుకోవడం

మంచం మీద నుంచి నేరుగా నడుమెత్తి లేవకండి. ముందు ఒక పక్కకు తిరగండి, కాళ్లు మంచం అంచు నుంచి కిందికి దించండి, తర్వాత మోచేతి మీద బరువు వేసి పైకి లేచి కూర్చోండి. ఒక నిమిషం అలాగే కూర్చుని, తల తిరగడం లేదని నిర్ధారించుకున్నాక నిలబడండి. ఆపరేషన్ జరిగిన రోజో మర్నాడో ఆసుపత్రిలోనే మిమ్మల్ని నడిపిస్తారు. ఇంటికి వచ్చాక కూడా మెలకువగా ఉన్నంతసేపు గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి, ఐదు పది నిమిషాలు ఇంట్లోనే నడవండి. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద ప్రమాదాల్లో ఒకటి. దాన్ని నివారించే మార్గాల్లో నడక ముఖ్యమైనది. రక్తం పలచబడడానికి ఇంజెక్షన్లు రాసిచ్చి ఉంటే, బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపకండి.

మొదటి రోజుల్లో భుజాల్లో నొప్పి వస్తే చాలామంది గాబరా పడతారు. లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్, కోసం పొట్టలోకి పంపిన వాయువు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లో, నడిచేకొద్దీ తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతూ, దానికి జ్వరమో ఆయాసమో తోడైతే మాత్రం అది వేరే విషయం.

నాలుగు నుంచి ఆరు వారాల వరకు నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తకండి. చిన్న పిల్లలను ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే సమస్యకు యంత్రం వాడుతున్నవారు, బరువు తగ్గింది కదా అని తమంతట తాము దాన్ని మానకూడదు.

హెచ్చరిక. కింది లక్షణాల్లో ఏది కనిపించినా ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి లేదా వెళ్లండి: కదలకుండా కూర్చున్నా నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోవడం, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, పెరిగిపోతున్న కడుపు నొప్పి, ఆయాసం లేదా ఛాతీ నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆగని వాంతులు, వాంతిలో రక్తం, నల్లటి మలం, గాయం ఎర్రబడి చీము కారడం. కడుపు లోపలి కుట్ల వద్ద లీకు ఏర్పడినప్పుడు కొన్నిసార్లు నొప్పి కంటే ముందు నాడి వేగమే పెరుగుతుంది. నాడి చూసే పరికరం కొనమని చెప్పింది అందుకే.

2. నీళ్లు తాగడం

మొదటి నెలలో మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి రావడానికి తరచుగా కనిపించే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి. దాహం వేసినప్పుడు గ్లాసెడు తాగే అవకాశం ఇక లేదు కాబట్టి, దాహం వేయకముందే కొద్దికొద్దిగా తాగాలి. 30 మిల్లీలీటర్ల కప్పు నింపి, దాన్ని పదిహేను నిమిషాల పాటు గుక్కగుక్కగా చప్పరించండి. అలా గంటకు 120 మిల్లీలీటర్ల చొప్పున పన్నెండు గంటల్లో దాదాపు లీటరున్నర అవుతుంది. సాధారణంగా చేరుకోవలసిన లక్ష్యం ఇదే. మొదటి రోజుల్లో అంత తాగలేకపోతే రోజురోజుకూ పెంచుకుంటూ వెళ్లండి.

మామూలు నీళ్లు బరువుగా అనిపిస్తే గోరువెచ్చగానో చల్లగానో మార్చి చూడండి. మంచు ముక్కను చప్పరించినా ఫరవాలేదు. గ్యాస్ నింపిన పానీయాలు, చక్కెర వేసిన రసాలు వద్దు. ఘనాహారం మొదలైన తర్వాత తింటూ తాగకండి, తిన్నాక అరగంట ఆగండి.

సరిపోతున్నదో లేదో మూత్రం చెబుతుంది. లేత పసుపు రంగులో ఉంటే సరే. ముదురు రంగులో తక్కువగా వస్తున్నా, నిలబడగానే తల తిరుగుతున్నా, నోరు ఎండిపోతున్నా నీళ్లు చాలడం లేదని అర్థం. ఒక పూటంతా ప్రయత్నించినా నీళ్లు లోపల నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

3. ఆహారాన్ని దశలవారీగా మార్చుకోవడం

చాలా ఆసుపత్రులు పాటించే క్రమం ఇలా ఉంటుంది. మొదటి ఒకటి రెండు రోజులు పలుచని ద్రవాలు, రెండు వారాల వరకు పాలు, ప్రోటీన్ పానీయాల వంటి చిక్కటి ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆపైన చిదిమితే నలిగే మెత్తటి పదార్థాలు, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మామూలు ఆహారం. లోపలి కుట్లు మానడానికి ఇచ్చే గడువు ఇది. బాగానే ఉందనిపించినంత మాత్రాన ఒక దశను దాటవేయకూడదు.

ప్రతి పూటా ముందు ప్రోటీన్ ఉన్న పదార్థం తినండి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ సాధారణ లక్ష్యం. చెంచాలో సగం తీసుకుని, నోట్లో పూర్తిగా మెత్తబడే వరకు నమిలి, మింగాక చెంచాను కింద పెట్టండి. ఒక నిమిషం ఆగి తర్వాతి ముద్ద తీసుకోండి. కడుపు నిండిన సంగతి ఇప్పుడు మీకు పాత పద్ధతిలో తెలియదు. కొందరికి ఛాతీ ఎముక కింద బరువుగా అనిపిస్తుంది, కొందరికి ఎక్కిళ్లు, తుమ్ము, ముక్కు కారడం మొదలవుతాయి. మీ గుర్తు ఏదో కనిపెట్టండి. అది కనిపించిన క్షణంలో, పళ్లెంలో ఒక్క ముద్దే మిగిలి ఉన్నా సరే, ఆపేయండి.

ముద్ద అడ్డుపడితే ఛాతీ మధ్యలో గట్టి నొప్పి, నోట్లో నురుగులాంటి లాలాజలం వస్తాయి. అప్పుడు తినడం ఆపి, లేచి నిలబడి మెల్లగా నడవండి. లాలాజలాన్ని మింగకుండా ఉమ్మేయండి. దాని మీద నీళ్లు తాగి కిందికి నెట్టాలని చూస్తే నొప్పి ఎక్కువై వాంతి అవుతుంది. కొన్ని గంటలైనా లాలాజలం కూడా దిగకపోతే డాక్టరుకు చెప్పాలి.

కొత్త పదార్థాలను రోజుకు ఒక్కటి చొప్పునే మొదలుపెట్టండి, లేకపోతే ఏది పడలేదో తెలియదు. ఈ వారం పడనిది రెండు మూడు వారాల తర్వాత పడవచ్చు కాబట్టి దేనినీ శాశ్వతంగా కొట్టివేయకండి.

బైపాస్ చేయించుకున్నవారికి ముఖ్యంగా, తీపి పదార్థాలు తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ అంటారు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వణుకు, చెమట, కళ్లు తిరగడం వస్తే రక్తంలో చక్కెర పడిపోతున్నదేమో పరీక్షించుకోవాలి.

4. మందులు, విటమిన్లు

విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి. ఈ ఒక్క మాటను కుటుంబ సభ్యులకు కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే ఒంట్లో బాగున్న మూడో ఏట వీటిని మానేసేవారు చాలామంది ఉంటారు, లోపాలు బయటపడేది కూడా ఆ తర్వాతే. సాధారణంగా మల్టీవిటమిన్, బి12, విటమిన్ డి, ఐరన్, కాల్షియం రాసిస్తారు. కాల్షియంను సిట్రేట్ రూపంలో, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500 నుంచి 600 మిల్లీగ్రాములకు మించకుండా విడగొట్టి వేసుకుంటారు. కాల్షియంకూ ఐరన్‌కూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

వాంతులు రోజుల తరబడి సాగితే థయామిన్, అంటే విటమిన్ బి1, అడుగంటిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటల్లో తికమక దీని లక్షణాలు. ఇది అత్యవసర పరిస్థితి. ఆలస్యమైతే మెదడుకు శాశ్వత నష్టం కలగవచ్చు.

ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ తర్వాత పుండ్లకు దారితీస్తాయి. పొగ తాగడం కూడా అంతే. నొప్పికి ఏది వాడవచ్చో డాక్టరును ముందే అడిగి రాసిపెట్టుకోండి. చక్కెర వ్యాధికీ రక్తపోటుకూ వాడే మందుల మోతాదు త్వరగా తగ్గించవలసి రావచ్చు కాబట్టి వాటిని ఇంట్లో కొలుచుకుంటూ ఆ అంకెలను డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవారు వాటిని స్వయంగా ఆపకూడదు. ఆపరేషన్ తర్వాత ఒంటికి అందే మోతాదు మారే అవకాశం ఉంది కనుక, మందు రాసిన డాక్టరుకు ఆపరేషన్ సంగతి తప్పక తెలియాలి.

5. మనసును గమనించుకోవడం

మొదటి వారాల్లో కలిగే పశ్చాత్తాపానికి కారణాలు ఊహించదగినవే. నొప్పి ఉంటుంది, నిద్ర చెదురుతుంది, ఒంటికి అందే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. వీటన్నిటికీ తోడు, ఇన్నేళ్లుగా అలసటలోనూ ఒంటరితనంలోనూ ఊరటనిచ్చిన తిండి చేతికి అందకుండా పోతుంది. ఆ ఊరటను పోగొట్టుకున్నందుకు దుఃఖం కలగడం సహజం. దాన్ని సిగ్గుపడవలసిన విషయంగా చూడకండి. రోజూ నిద్రపోయే ముందు ఆ రోజు ఎలా గడిచిందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి, పక్కన ఒక వాక్యం రాయండి. రెండు వారాల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే దిగులు తగ్గుతున్నదో పెరుగుతున్నదో మీకే కనిపిస్తుంది.

తర్వాతి పని, ఆకలి కడుపుదో మనసుదో తేల్చుకోవడం. కడుపు ఆకలి నెమ్మదిగా మొదలవుతుంది, ఏది పెట్టినా తీరుతుంది. మనసు ఆకలి హఠాత్తుగా వస్తుంది, ఒక ఫలానా రుచినే కోరుతుంది, తిన్న అరగంటకే వచ్చినా ఆశ్చర్యం లేదు. ఉదాహరణకు, సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విప్పగానే కాళ్లు వంటగది వైపు నడుస్తాయి, అలమర తలుపు తీశాక గానీ ఎందుకు తీశారో మీకు తెలియదు. ఆ తలుపు దగ్గరే ఆగి, గంట ఎంతయిందో, దానికి ముందు ఏం జరిగిందో, ఇప్పుడు ఏమనిపిస్తోందో మూడు మాటల్లో రాయండి. పదిహేను నిమిషాలు గడియారం పెట్టుకుని బయట నడవండి, స్నానం చేయండి, లేదా మీరు ఎంచుకున్న మనిషికి ఫోన్ చేయండి. అప్పటికీ ఆకలిగా ఉంటే ప్రోటీన్ ఉన్నదేదైనా కొద్దిగా తినండి. ఇలా రాసిన కాగితాలు కొన్ని పోగయ్యాక ఒకే గంటో ఒకే గొడవో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్లవలసింది ఆ కాగితాలనే.

అద్దం మరో ఇబ్బంది. శరీరం మారినంత వేగంగా మనసులోని రూపం మారదు. బాగా బరువు తగ్గాక కూడా ఇరుకు సందులో పక్కకు తిరిగి నడిచేవారు, దుకాణంలో పాత కొలత దుస్తులే తీసేవారు ఉంటారు. నెలకొకసారి ఒకే దుస్తుల్లో, ఒకే చోట నిలబడి ఫొటో తీయించుకోండి. మూడో నెల ప్రాంతంలో జుట్టు రాలడం మొదలైతే భయపడకండి. సాధారణంగా అది కొన్ని నెలల్లో ఆగి జుట్టు తిరిగి వస్తుంది. అయినా ప్రోటీన్, ఐరన్ సరిపోతున్నాయో లేదో చూపించుకోండి. వేలాడే చర్మం మడతలను పొడిగా ఉంచండి. దాన్ని సరిచేసే ఆపరేషన్ గురించి ఆలోచించడం బరువు నిలకడగా ఉన్నాకే మంచిది.

చుట్టుపక్కలవారి మాటలకు ముందే జవాబులు సిద్ధం చేసుకోండి. "ఇంకొంచెం తినవచ్చు కదా" అంటే "డాక్టరు ఇంతే తినమన్నారండీ" అన్నది చాలు. ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పనక్కరలేదో నిర్ణయించుకునే హక్కు మీదే. జీవిత భాగస్వామికి మాత్రం దాపరికం లేకుండా చెప్పండి. కలిసి తినడమే అనుబంధంగా గడిపిన ఇంట్లో ఈ మార్పు అవతలి మనిషిని కూడా కలవరపెడుతుంది.

మద్యం విషయంలో గట్టిగా చెప్పాలి. ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మద్యం వేగంగా రక్తంలోకి చేరుతుంది, కొద్ది మోతాదుకే మత్తెక్కుతుంది. అంతకుముందు అలవాటు లేనివారిలోనూ మద్యం సమస్య పుట్టే అవకాశం ఉంది. అది తరచుగా రెండో ఏడాది తర్వాతే బయటపడుతుంది. తిండి ఇచ్చిన ఊరటను మద్యంలోనో జూదంలోనో అదుపులేని కొనుగోళ్లలోనో వెతుకుతున్నట్టు అనిపిస్తే, వెంటనే చెప్పుకోవలసిన విషయం అది.

హెచ్చరిక. మొదటి ఏడాది మనసు తేలికపడినవారిలోనూ, బరువు తగ్గడం ఆగిపోయాక కుంగుబాటు తిరిగి రావచ్చు. ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు కొందరిలో పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించింది. చనిపోవాలనిపించినా, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపించినా, ఆ రోజే ఒక మనిషికి చెప్పి, ఒంటరిగా ఉండకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. గాయం నుంచి రక్తం కారితే ఎంత తొందరపడతారో ఇక్కడా అంతే తొందర కావాలి.

6. బలం తిరిగి తెచ్చుకోవడం

సర్జన్ అనుమతి ఇచ్చాక, సాధారణంగా ఆరో వారం ప్రాంతం నుంచి, కండరాలకు పని చెప్పే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు చేర్చండి. నడకను వారానికి 150 నిమిషాల వరకు పెంచుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చుని చేసేవాటితోనో, గాయాలు పూర్తిగా మానాక నీళ్లలో నడకతోనో మొదలుపెట్టవచ్చు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు తెప్పించేది రోజుకు రెండుసార్లు బరువు చూసుకోవడం. నీరు, మలబద్ధకం, నెలసరి, ఇవన్నీ ఆ అంకెను కదిలిస్తాయి. తొలి వారాల్లో ఒకసారి, తర్వాత అప్పుడప్పుడు బరువు కొన్ని రోజులు, కొన్ని వారాలు కూడా ఆగుతుంది. అప్పుడు తిండిని ఇంకా తగ్గించడం తప్పు. వారానికి ఒకే రోజు, ఒకే వేళ చూసుకోండి, నడుము చుట్టుకొలత కూడా రాయండి.

ఇతరుల అంకెలతో పోల్చుకోవడం రెండోది. మొదలుపెట్టిన బరువు, వయసు, ఆపరేషన్ రకం వేరైనప్పుడు ఆ పోలికకు విలువ లేదు.

సులభంగా జారిపోయే ఐస్‌క్రీములు, బిస్కెట్లు, తీపి పానీయాలతో రోజంతా కొద్దికొద్దిగా తినడం ఇంకొకటి. గట్టి ఆహారం తినలేక ఇబ్బంది పడినవారు తెలియకుండానే వీటికి అలవాటుపడతారు.

స్త్రీలకు ఒక మాట. బరువు తగ్గేకొద్దీ గర్భం దాల్చే అవకాశం పెరుగుతుంది, కానీ 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలపై ఆధారపడడం సరికాకపోవచ్చు కనుక వేరే పద్ధతి గురించి డాక్టరును అడగండి.

సరిగా కోలుకుంటున్నారో లేదో చూసుకోవడం

వారాంతంలో నోటు పుస్తకం తెరిచి నీళ్లు, ప్రోటీన్, నడక, నిద్ర, మనసుకు వేసిన అంకె చూడండి. బరువు ఆగినా ఇవి బాగుంటే కంగారు అక్కరలేదు. బరువు తగ్గుతున్నా ఇవి పడిపోతుంటే డాక్టరును కలవండి. ఆపైన రెండు ప్రశ్నలు వేసుకోండి: గత రెండు వారాల్లో సగానికి పైగా రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా మానసిక వైద్యుణ్ణి కలవాలి.

రక్త పరీక్షలు సాధారణంగా మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా ఒకసారి చేయించుకోవాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ అందులో ఉన్నాయో లేదో అడిగి చూసుకోండి. ప్రతిసారీ పాత నివేదికలతో పాటు ఆ నోటు పుస్తకాన్ని కూడా తీసుకువెళ్లండి. నోటితో చెప్పలేనివేవైనా ఉంటే ఆ పేజీ తెరిచి డాక్టరు ముందు పెడితే చాలు.